పాత ఇనుప మంచెను మళ్ళీ చెట్టుకి కట్టే ముందు

మా చేను ఉదయగిరి నుంచి సీతారామపురం పోయే దారిలో, వెలిగొండల అంచున ఉంది. బోరు కింద శనక్కాయ వేస్తాం. ఊడలు దిగి కాయ ఊరే రోజుల్లో అడవి పందుల మంద ఒక్క రాత్రి దిగిందంటే, తెల్లారేసరికి అరెకరం నాగలితో దున్నినట్టు ఉంటుంది. అందుకే మాకు మంచె తప్పదు. మా నాయన కాలంలో నాలుగు తుమ్మ గుంజలు పాతి, పైన కట్టెలు పరిచి, చొప్ప కప్పేవాళ్ళు. ఇప్పుడు చాలామంది ఇనుప నిచ్చెన మంచె చేయించుకుంటున్నారు. పదిహేను అడుగుల నిచ్చెన, దాని తలకట్టున కూర్చునే సీటు, కాళ్ళు పెట్టుకునే జాలీ. దాన్ని చెట్టుకి ఆనించి కడతారు. అమెరికాలో జింకల వేటకి సరిగ్గా ఇలాంటివే వాడతారు. అక్కడ వేటకి లైసెన్సు, సీజను ఉంటాయి. మన దగ్గర 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వేట నేరం. కాబట్టి నేను చెప్పేదంతా కాపలా మంచె గురించే. డబ్బా వాయించి, లైటు వేసి, కేక పెట్టి పందిని తోలడానికి. తుపాకీ, ఉచ్చు, నాటుబాంబు మాట ఇందులో లేదు. చేను చుట్టూ కరెంటు తీగ లాగే పని అసలే వద్దు. ఆ తీగకి పంది కంటే ముందు నీళ్ళు కట్టడానికి వచ్చిన మనిషి తగులుకుంటాడు.

ఇది రాయడానికి కారణం మా చిన్నాయన. రెండేళ్ళ కింద, షెడ్డులో మూడేళ్ళుగా పడి ఉన్న మంచెను ఒక సాయంత్రం పక్కచేను కుర్రాడి సాయంతో నిలబెట్టి, ఇంట్లో ఉన్న పాత నైలాన్ తాడుతో వేపచెట్టుకి కట్టాడు. రాత్రంతా బాగానే కూర్చున్నాడు. తెల్లవారుజామున నాలుగింటికి దిగబోతూ, సీటు మీద నుంచి ఒక కాలు మెట్టు మీదికి దించాడు. బరువంతా ఒక పక్కకి పడింది. తాడు పుటుక్కున తెగింది. మంచె చెట్టు చుట్టూ పక్కకి జారింది. పన్నెండు అడుగుల ఎత్తు నుంచి పడ్డాడు. మడమ ఎముక నుజ్జయింది, వెన్నుపూస ఒకటి నలిగింది. ఈ రోజుకీ గొంతుక్కూర్చోలేడు.

నేను కువైట్‌లో తొమ్మిదేళ్ళు స్కాఫోల్డింగ్, అంటే బిల్డింగుల చుట్టూ పైపులతో సారవ కట్టే పని చేశాను. అక్కడ నిలబెట్టిన ప్రతి స్కాఫోల్డుకీ ఒక ట్యాగ్ ఉంటుంది. పరీక్ష అయితే పచ్చది, కాకపోతే ఎర్రది. ఎర్ర ట్యాగ్ ఉంటే ఇంజినీరైనా ఎక్కడానికి లేదు. తొమ్మిదేళ్ళు ఆ పద్ధతిలో బతికి ఇంటికొచ్చాక, మా సొంత చేలో ఒక తాడు ముక్కని ఎవరూ చూడలేదే అన్న బాధ నన్ను ఇంకా వదల్లేదు. అందుకే ఇప్పుడు మా మంచెకి మెట్టు దగ్గర ఒక గుడ్డ కట్టి ఉంటుంది. అన్నీ చూసేదాకా ఎర్ర గుడ్డ, చూశాక పచ్చ గుడ్డ. కింద చెప్పేవన్నీ ఆ ఎర్ర గుడ్డ ఉన్న రోజుల్లో చేసే పనులు.

ముందు ఇనుము సంగతి

మంచెను నేల మీద పడుకోబెట్టి, బోల్టులన్నీ విప్పి, ముక్కలు విడదీయండి. మాది అయిదేసి అడుగుల మూడు ముక్కలు. విప్పకుండా పై నుంచి చూస్తే ఏమీ తెలియదు. చదరపు పైపు తుప్పు పట్టేది లోపలి నుంచి. పైన మూత లేకపోతే వాన నీళ్ళు దిగి, కింది అతుకు దగ్గర నిలబడతాయి. బయట రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది, లోపల పైపు కాగితమంత పలచనైపోతుంది.

దీనికి నేను చేసేది చెవితో చూడటం. చిన్న సుత్తి తీసుకుని పై నుంచి కిందికి జానెడుకొక దెబ్బ మెల్లగా కొట్టుకుంటూ రావాలి. మంచి పైపు ఖంగున మోగుతుంది. తుప్పు తిన్న చోట డబ్బుమని చచ్చిన చప్పుడు వస్తుంది. మా మంచె కింద నుంచి రెండో మెట్టు దగ్గర అలాంటి చప్పుడు వచ్చింది. స్క్రూడ్రైవర్ మొన పెట్టి గట్టిగా నొక్కితే, రొట్టెలోకి దిగినట్టు లోపలికి దిగిపోయింది. బయటికి లాగితే ఎర్రటి తుప్పు పొడి అరచేతిలోకి జారింది. ఆ మెట్టు మీదే కాలు పెట్టి చిన్నాయన ఆ రాత్రి ఎక్కాడు. తాడు తెగకపోయినా ఏదో ఒక రోజు అదే విరిగేది.

అలా పలచబడిన పైపు మీద వెల్డింగ్ పోసి సరిపెట్టకండి. పలచటి ఇనుము వేడికి ఇంకా పాడవుతుంది, అతుకు పక్కనే మళ్ళీ చీలుతుంది. ఆ ముక్క కోయించి కొత్త పైపు వేయించాలి. రెండు మూడు చోట్ల అలా ఉంటే మంచె మొత్తాన్ని పాత సామాను కొట్టుకి వేసేయండి. అందులో మొహమాటం వద్దు.

తర్వాత వెల్డింగ్ అతుకులు. మెట్టు నిలువు పైపుని కలిసే ప్రతి చోటా వైరు బ్రష్షుతో రంగు గీకి చూడాలి. పగులు వెంట్రుకంత సన్నగా ఉంటుంది, దాని వెంబడి గోధుమ రంగు గీత కారి ఉంటుంది. సీటు కింద కొక్కేల దగ్గర మరీ జాగ్రత్తగా చూడండి, ఊగుడంతా అక్కడే పడుతుంది. గీకిన చోట రెడ్ ఆక్సైడ్ వేసి రంగు వేయించండి. పైపుల తలలకి మూతలు పెట్టించి, అడుగున చిన్న బెజ్జం వేయిస్తే నీళ్ళు నిలవవు.

పాత బోల్టులు మళ్ళీ వాడకండి. హార్డ్‌వేర్ షాపులో తల మీద 8.8 అని గుద్ది ఉన్న బోల్టులు అడగండి. వాటికి లోపల నైలాన్ రింగు ఉండే నైలాక్ నట్టు వేస్తే ఊగుడికి వదులు కాదు. బోల్టుకి బదులు మేకు దూర్చి వంచడం, కట్టుతీగ చుట్టడం మన ఊళ్ళలో చాలా చోట్ల చూశాను. దయచేసి ఆ పని చేయకండి.

బిగించాక ఎత్తు మీదికి పోక ముందే బరువు పరీక్ష పెట్టాలి. పై ముక్కని ఒక్కదాన్నే, అంటే సీటున్న అయిదడుగుల ముక్కని చెట్టుకి ఆనించి కట్టి, సీటు మీద 50 కిలోల ఇసుక బస్తాలు మూడు పెట్టి రాత్రంతా వదిలేస్తాను. పొద్దున ఎక్కడైనా వంగిందా, అతుకు విచ్చిందా చూస్తాను. కింది రెండు ముక్కల్ని జోడించి, రెండు కొసల కిందా ఇటుకలు పెట్టి జానెడు ఎత్తున పడుకోబెట్టి, మధ్య మెట్టు మీద నిలబడి చూస్తాను. విరిగినా జానెడే కదా.

తాడు, బెల్టు, గొలుసు

పాత తాడు ఎంత గట్టిగా కనిపించినా పనికిరాదు. నైలాన్‌కీ ప్లాస్టిక్ తాడుకీ ఎండే శత్రువు. మన నెల్లూరు ఎండలో ఒక్క వేసవి పడితే పై నూలు పొడిపొడిగా రాలుతుంది. గోటితో గీకితే తెల్లటి పీచు లేచిందంటే దాని పని అయిపోయినట్టే. చిన్నాయన తాడు తెగిన చోట చూశాను. పైన బాగానే ఉంది, మెలిక లోపల ఎలుక కొరికిన గాటు ఉంది.

నేను లారీల మీద సరుకు బిగించే రాట్చెట్ బెల్టులు వాడతాను. సీటు దగ్గర రెండు, మధ్యలో ఒకటి. ఏడాదికొకసారి కొత్తవి. గొలుసు కట్టి ఏళ్ళ తరబడి వదిలేసేవాళ్ళూ ఉన్నారు. మా ఊళ్ళో ఒక వేపచెట్టు గొలుసుని మింగేసింది, బెరడు దాని మీదికి పొర్లి పెరిగింది. చెట్టుకి ఊపిరాడదు, లోపల గొలుసు ఎంత తుప్పు పట్టిందో మనకి కనపడదు. చెట్టు లావవుతూనే ఉంటుంది. అందుకే ఏ కట్టయినా పంట అయిపోగానే విప్పాలి, మళ్ళీ పంటకి కొత్తగా కట్టాలి.

ఇక మనిషికి వేసుకునేది. నడుముకి మాత్రమే కట్టుకునే బెల్టు వద్దే వద్దు. పడితే అది డొక్కల మీదికి ఎక్కి ఊపిరి ఆపేస్తుంది. భుజాలకీ తొడలకీ కూడా పట్టీలుండే ఫుల్ బాడీ హార్నెస్ కావాలి. ఐఎస్ 3521 అని ఐఎస్ఐ గుర్తు ఉన్నది చూసి కొనండి. బిల్డింగు పనుల సామాను అమ్మే చోట దొరుకుతుంది. దాంతోపాటు చెట్టు పై నుంచి నేల దాకా వేలాడే ఒక పొడవాటి లైఫ్‌లైన్ తాడు, ఆ తాడు మీద జరిగే రోప్ గ్రాబ్ తీసుకోండి. గ్రాబ్ మీద ఎంత మందం తాడని రాసి ఉంటే అంతే మందం తాడు వాడాలి. మనతోపాటు అది పైకి జరుగుతుంది, ఒక్కసారిగా కిందికి లాగితే పట్టేస్తుంది. ఒకరు వాడి పారేసిన హార్నెస్ కొనకండి, ఒకసారి మనిషిని పట్టి ఆపినదాన్ని మళ్ళీ వాడకండి.

చెట్టు

బతికున్న, నిటారుగా ఉన్న చెట్టు. రెండు చేతులతో వాటేసుకుంటే వేళ్ళు అందీ అందకుండా ఉండేంత మాను అయితే బాగుంటుంది. వేప, చింత మంచివి. మునగ పెళుసు, జామాయిల్ సన్నగా ఊగుతుంది, సుబాబుల్ సంగతీ అంతే. మాను చుట్టూ తట్టి చూడండి, డొల్ల ఉంటే చప్పుడు వేరుగా ఉంటుంది. చెదలు, తొర్రలు, పైన ఎండిన కొమ్మలు, తేనెపట్టు, అన్నీ పగలు చూసుకోవాలి. పెద్ద తేనెటీగల పట్టు ఉన్న చెట్టు జోలికి పోకండి.

కరెంటు లైను గురించి రెండు మాటలు ఎక్కువ చెప్పాలి. చేలలో 11 కేవీ, అంటే పదకొండు వేల వోల్టుల తీగలు చాలా చోట్ల వేలాడుతూ ఉంటాయి. పదిహేను అడుగుల ఇనుప నిచ్చెనను నిలువుగా ఎత్తేటప్పుడు అది ఎటు ఒరుగుతుందో మన చేతిలో ఉండదు. నిచ్చెన ఎటు పడినా తీగకి చాలా దూరంలో ఉండాలి. తీగ కింద నుంచి మోసుకెళ్ళాల్సి వస్తే పడుకోబెట్టే మోయండి. అనుమానం ఉంటే ఆ చెట్టు వదిలేయండి. చేలో ఇంకో చెట్టు ఉంటుంది.

నిలబెట్టడం

ముగ్గురు ఉండాలి. ఇద్దరితో అయ్యే పని కాదు, చిన్నాయన అదే తప్పు చేశాడు. పగలు, గాలి లేనప్పుడు, నేల ఆరి ఉన్నప్పుడు పెట్టుకోండి.

నిచ్చెన కాళ్ళు వచ్చే చోట జానెడు లోతు తవ్వి, నాపరాయి ముక్క సమంగా పరిచి దాని మీద కాళ్ళు పెట్టాలి. మా ఎర్ర గరపనేల వానకి మెత్తబడుతుంది, ఒక కాలు రెండంగుళాలు దిగితే పైన సీటు అడుగు పక్కకి పోతుంది. నల్లరేగడి అయితే ఇంకా కష్టం, తడికి ఉబ్బుతుంది, ఎండకి నెర్రెలిస్తుంది. పదిహేను అడుగుల ఎత్తుకి చెట్టు మొదలు నుంచి నాలుగడుగుల దూరంలో కాళ్ళు ఉంటే వాలు సరిపోతుంది. మరీ దగ్గరగా పెడితే వెనక్కి పడుతుంది, మరీ దూరమైతే నిచ్చెన మధ్యలో వంగుతుంది.

ఎత్తక ముందే సీటుకి కుడి ఎడమల రెండు పొడవాటి తాళ్ళు కట్టండి. ఒకరు కాళ్ళని తొక్కిపట్టి నిలబడాలి, ఇద్దరు తల వైపు నుంచి ఎత్తుకుంటూ నడిచి రావాలి. చెట్టుకి ఆనగానే ఆ రెండు తాళ్ళని మాను వెనక నుంచి కత్తెర వేసి, కుడి తాడు ఎడమ వైపుకీ, ఎడమ తాడు కుడి వైపుకీ తెచ్చి, కింద నుంచే లాగి నిచ్చెన కాళ్ళకి బిగించాలి. దీంతో మంచె పక్కకి జారదు. మధ్యలో నిచ్చెన నుంచి మానుకి పోయే అడ్డ సపోర్టు అందినంత ఎత్తులో బిగించాలి. ఇదంతా అయ్యేదాకా ఎవరూ మొదటి మెట్టు కూడా ఎక్కకూడదు.

మొదటిసారి పైకి ఎక్కి సీటుని బెల్టులతో కట్టే మనిషికే అసలు ప్రమాదం, ఎందుకంటే పైన ఇంకా లైఫ్‌లైన్ లేదు. తాటిచెట్టు ఎక్కే గీత కార్మికుణ్ణి చూడండి. మోకు లేకుండా కాలు ఎత్తడు. అదే పద్ధతి ఇక్కడ కూడా. హార్నెస్ పక్క రింగుల నుంచి మాను చుట్టూ తిరిగి వచ్చే గట్టి తాడు వేసుకుని, దాన్ని పైకి జరుపుకుంటూ, పొట్టి చేసుకుంటూ ఎక్కాలి. మధ్యలో సపోర్టు అడ్డొస్తుంది కదా, అక్కడ విప్పి మళ్ళీ కట్టుకుందాం అనుకోకండి. రెండో మోకు ఒకటి దగ్గర ఉంచుకుని, దాన్ని సపోర్టు పైన వేశాకే మొదటిది విప్పాలి. కువైట్‌లో మాకు రెండు హుక్కులు ఇచ్చేది ఇందుకే, ఏ క్షణమైనా ఒకటి తగిలి ఉండాలని. కింద ఇద్దరూ నిచ్చెన వదలకూడదు.

పైన మొదట సీటుని రెండు బెల్టులతో మానుకి బిగించాలి. తర్వాత లైఫ్‌లైన్ కట్టాలి. దాన్ని కట్టాల్సింది మంచెకి కాదు, మానుకి, సీట్లో కూర్చున్నప్పుడు మన తల కంటే పై ఎత్తున. మంచె పడిపోయినా మనిషి చెట్టుకి ఉండాలి. ఇది ఒక్కటి ఆ రాత్రి ఉండి ఉంటే మా చిన్నాయన ఈ రోజు మామూలుగా నడిచేవాడు. తాడు రెండో కొస నేల దాకా దిగాలి. గ్రాబ్‌ని హార్నెస్‌కి తగిలించేది నేల మీద నిలబడి, కాలు ఎత్తక ముందు. విప్పేది మళ్ళీ రెండు కాళ్ళూ నేల మీద ఆనాక. పైకి వెళ్ళి కూర్చున్నాక తగిలిద్దాంలే అనుకుంటే ప్రయోజనం లేదు. ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు, సీటు నుంచి మెట్టు మీదికి మారేటప్పుడు కూడా మనిషి పడతాడు, నిద్రలో తూలినప్పుడు మాత్రమే కాదు.

రాత్రి కాపలా

లుంగీతో ఎక్కకండి, మెట్టుకి తగులుకుంటుంది. ప్యాంటు, పట్టు ఉన్న బూట్లు వేసుకోండి. బ్యాటరీ, ఫ్లాస్కు, దుప్పటి ఒక సంచిలో వేసి కింద పెట్టి, పైకెక్కాక సన్న తాడుతో చేదుకోండి. కొడవలి ఉంటే అది కూడా సంచిలోనే, మొలకి కాదు. రెండు చేతులూ ఖాళీగా ఉండాలి. లైటు తలకి కట్టుకునేది మంచిది. ఫోను, ఈల చొక్కా జేబులో పెట్టి గుండీ పెట్టుకోండి. కూర్చున్నాక తాడు వదులుగా వేలాడకూడదు, ముందుకి వంగితే వెంటనే ఆపేంత బిగువుగా ఉండాలి.

ఏ చేలో ఉన్నారో, ఎప్పుడు దిగుతారో ఇంట్లో చెప్పి రండి. మందు తాగి ఎక్కడం మాట ఊహించను కూడా వద్దు. నిద్ర ఆగకపోతే దిగి గట్టు మీద పడుకోండి, పంట పోయినా ఫరవాలేదు.

ఉరుము వినపడితే వెంటనే దిగాలి. చెట్టు, దానికి ఇనుము, దాని మీద మనిషి, అంతకంటే ప్రమాదం లేదు. దిగి ఆ చెట్టు కిందే నిలబడకూడదు, పక్కా ఇంట్లోకి పోవాలి. మనకి అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, మళ్ళీ ఎండాకాలం సాయంత్రాల్లో ఈ టెన్షన్ ఉంటుంది. దామిని యాప్ ఫోనులో వేసుకుంటే చుట్టుపక్కల పిడుగుల సంగతి చూపిస్తుంది.

ఎవరైనా జారి హార్నెస్‌కి వేలాడితే, ప్రాణం దక్కిందిలే అని పొద్దున దాకా ఉండకూడదు. తొడ పట్టీలు రక్తాన్ని కాళ్ళలోనే ఆపేస్తాయి, కొద్ది నిమిషాల్లోనే స్పృహ తప్పొచ్చు. హార్నెస్‌కి ఒక తాడు ఉచ్చు ముందే కట్టి ఉంచుకుని, అందులో పాదం పెట్టి లేచి నిలబడుతూ ఉండాలి. ఈల వేయాలి, ఫోను చేయాలి, అందితే నిచ్చెన మీదికి మారాలి.

నేల మీద పడిన మనిషిని మేము చేసినట్టు చేయకండి. చిన్నాయనని ఇద్దరు మనుషుల మధ్య బైకు మీద కూర్చోబెట్టి ఉదయగిరి దాకా తీసుకెళ్ళాం. వెన్నుపూస నలిగిన మనిషిని అలా కూర్చోబెట్టడం ఎంత ప్రమాదమో తర్వాత నెల్లూరులో డాక్టరు చెప్పేదాకా మాకు తెలియదు. 108కి ఫోను చేసి, మనిషిని కదపకుండా, మెడ తిప్పనీయకుండా అక్కడే ఉంచాలి. తప్పక మోయాల్సి వస్తే నులకమంచం కాదు, తలుపు చెక్క లాంటి వంగని పలక మీద.

పంట ఎత్తగానే మంచె దించేస్తాం. బోల్టులు నూనె డబ్బాలో వేస్తాను. హార్నెస్, తాళ్ళు ఎరువు బస్తాలకీ, పురుగుమందుకీ, బ్యాటరీ ఆసిడ్‌కీ దూరంగా, ఎండ పడని చోట, ఎలుకలకి అందకుండా దూలానికి వేలాడదీస్తాను. సీటు అడుగున ఆ ఏడు బెల్టులు మార్చిన తేదీ పెయింటుతో రాసి ఉంటుంది.

ఇప్పుడు ప్రతి ఏడూ మంచె నిలబెట్టే రోజు చిన్నాయన కర్ర పట్టుకుని చేలోకి వస్తాడు. నాపరాయి మీద కాళ్ళు చూస్తాడు, బెల్టు చేత్తో లాగి చూస్తాడు, లైఫ్‌లైన్ కొస పట్టుకుని తన బరువంతా వేస్తాడు. ఆయన తల ఊపాకే నేను ఎర్ర గుడ్డ విప్పి పచ్చది కడతాను.